యూస్డ్ టు: తాగేవాణ్ణా, తాగుతానా, అలవాటా? తేల్చుకునే పద్ధతి

"రోజూ ఆరింటికి లేస్తాను" అని చెప్పాలనుకుని "డైలీ ఐ యూస్డ్ టు వేకప్ ఎట్ సిక్స్" అన్నారనుకోండి. ఎదుటివాళ్లకు వినపడేది "ఒకప్పుడు ఆరింటికి లేచేవాణ్ణి, ఇప్పుడు లేవడం లేదు" అని. అన్నవాళ్లకు ఆ సంగతి తెలియదు, విన్నవాళ్లు మర్యాదకు సరిదిద్దరు. మన చుట్టూ చాలామంది ఇలాగే మాట్లాడతారు కాబట్టి ఊళ్లో ఉన్నంతకాలం పనికి అడ్డం రాదు. విదేశీ క్లయింటుతో కాల్‌లోనో, ఉద్యోగం ఇంటర్వ్యూలోనో, వీసా కౌంటర్ దగ్గరో బయటపడుతుంది.

దీనికి గ్రామర్ పుస్తకం తెరవక్కర్లేదు. యూస్డ్ టు చేసే పని మన తెలుగు క్రియ చివరి ముక్క ఎప్పుడూ చేస్తూనే ఉంది. వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుని, తోక చూసుకుంటే సగం పైగా తప్పులు అక్కడే ఆగిపోతాయి.

కావలసినవి

- ఒక కాగితం, పెన్ను.
- మీ సొంత తెలుగు వాక్యాలు పది: చిన్నప్పటి అలవాట్లు మూడు, ఇప్పటి అలవాట్లు మూడు, మొదట్లో ఇబ్బందిపడి తర్వాత అలవాటైనవి రెండు, ఏదైనా వస్తువును దేనికి వాడతారో చెప్పేవి రెండు.
- ఫోన్‌లో వాయిస్ రికార్డర్.
- ముప్పావుగంట తీరిక.

వాక్యాలు మీవే అయి ఉండాలి. పుస్తకంలోని రాముడు, సీత వాక్యాలతో చేస్తే పరీక్షకు పనికొస్తుంది గానీ నోటికి పట్టదు.

1. తెలుగు వాక్యం తోక చూడండి

మీరు రాసుకున్న పది వాక్యాల చివర ఈ ఐదింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

- తాగేవాణ్ణి, తాగేదాన్ని, తాగేవాళ్లం, ఉండేది: ఇంగ్లిష్‌లో "యూస్డ్ టు".
- తాగుతాను, తాగుతుంటాను: యూస్డ్ టు అసలు రాదు. మామూలు వర్తమానం, "ఐ డ్రింక్".
- అలవాటే, కొత్తేమీ కాదు: "ఐ యామ్ యూస్డ్ టు".
- అలవాటు పడ్డాను, అలవాటవుతోంది: "గెట్ యూస్డ్ టు".
- ఫలానా పనికి వాడతారు: "ఈజ్ యూజ్డ్ టు".

చివరిదాంట్లో 'జ్' రాయడం అచ్చుతప్పు కాదు. ఇంగ్లిష్‌లో రెండింటికీ స్పెల్లింగ్ ఒకటే, పలకడం మాత్రం వేరు. ఆ సంగతి తొమ్మిదో మెట్టులో.

ప్రతి వాక్యం పక్కన 1 నుంచి 5 వరకూ అంకె వేసుకోండి. ఇంగ్లిష్‌లోకి ఇంకా మార్చవద్దు.

2. 'తాగేవాణ్ణి' వాక్యాలు ముందు మార్చండి

యూస్డ్ టు తర్వాత క్రియ మూలరూపం పెట్టాలి: "ఐ యూస్డ్ టు డ్రింక్", "షీ యూస్డ్ టు సింగ్", "దే యూస్డ్ టు లివ్ హియర్". తెలుగులో తాగేవాణ్ణి, తాగేది, తాగేవారు అని మనిషిని బట్టి మారుతుంది. ఇంగ్లిష్‌లో ఏ మార్పూ లేదు. మనకు శ్రమ తగ్గే చోట్లు ఇంగ్లిష్‌లో తక్కువ, ఇదొకటి.

ముందు వజ్ గానీ, యామ్ గానీ పెట్టకండి. "ఐ వజ్ యూస్డ్ టు గో టు ట్యూషన్" తప్పు.

ఈ మాటలో "ఇప్పుడు కాదు" అనే అర్థం దాగి ఉంటుంది. తెలుగులోనూ అంతే కదా:

"కాఫీ తాగుతావా బాబాయ్?"
"తాగేవాణ్ణిరా."

మానేశానని వేరే చెప్పలేదు, అయినా అర్థమైపోయింది. ఇంగ్లిష్‌లోనూ జవాబు మూడే మాటలు: "ఐ యూస్డ్ టు." అక్కడ ఆపేయొచ్చు.

ఇంటర్వ్యూలో దెబ్బతీసేది సరిగ్గా ఇదే. ప్రస్తుత కంపెనీలో చేస్తున్న పని గురించి "ఐ యూస్డ్ టు వర్క్ ఆన్ జావా" అంటే, జావా వదిలేసి చాలా రోజులైందని రాసుకుంటారు. ఇప్పటికీ చేస్తుంటే "ఐ వర్క్ ఆన్ జావా" అనండి. మూడేళ్లుగా చేస్తున్నానని చెప్పాలంటే "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఆన్ జావా ఫర్ త్రీ ఇయర్స్". విజిటర్ వీసాకు వెళ్లే అమ్మానాన్నలకు కూడా ఇది ముందే చెప్పి పంపండి. "మీ అబ్బాయి ఏం చేస్తాడు?" అన్నప్పుడు "హీ యూస్డ్ టు వర్క్ ఇన్ ఎ బ్యాంక్" అంటే ఉద్యోగం పోయిందనే అర్థం. "హీ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" చాలు.

స్థలాల గురించి చెప్పేటప్పుడు "ఉండేది" అనే తోక వస్తుంది. దానికి "దేర్ యూస్డ్ టు బీ". హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ దగ్గర పేరులో తప్ప చెరువు లేదిప్పుడు: "దేర్ యూస్డ్ టు బీ ఎ ట్యాంక్ హియర్." ఇందులో "బీ" మింగేసి "దేర్ యూస్డ్ టు ఎ ట్యాంక్" అనేవాళ్లు ఎక్కువ, చూసుకోండి.

3. అంకె ఉందేమో వెతకండి

వాక్యంలో ఎన్నేళ్లో, ఎన్నిసార్లో లెక్క చెప్పేస్తే యూస్డ్ టు తీసేయాలి. మామూలు భూతకాలం వాడాలి.

- తప్పు: "ఐ యూస్డ్ టు లివ్ ఇన్ చెన్నై ఫర్ ఫైవ్ ఇయర్స్."
- ఒప్పు: "ఐ లివ్డ్ ఇన్ చెన్నై ఫర్ ఫైవ్ ఇయర్స్."

తెలుగులో పలికి చూడండి. "చెన్నైలో ఐదేళ్లు ఉండేవాణ్ణి" అంటే ఎక్కడో గీరుకుంటుంది. "ఐదేళ్లు ఉన్నాను" అంటాం. మన చెవి ముందే పట్టేసిన సూత్రమే ఇది.

కర్నూలు ఉదాహరణ గుర్తు పెట్టుకుంటే ఇది ఇక మరిచిపోరు. సంవత్సరాలు చెప్పకపోతే "కర్నూల్ యూస్డ్ టు బీ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్". సంవత్సరాలు చెబితే "కర్నూల్ వజ్ ద క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్ ఫ్రమ్ 1953 టు 1956". విషయం ఒకటే. అంకెలు రాగానే యూస్డ్ టు పక్కకు తప్పుకుంది.

మినహాయింపు ఒకటుంది. "వారానికి మూడుసార్లు" అనేది మొత్తం లెక్క కాదు, మళ్లీమళ్లీ జరిగే తీరు. కాబట్టి "ఐ యూస్డ్ టు గో త్రీ టైమ్స్ ఎ వీక్" సరైనదే. "ఐ యూస్డ్ టు గో దేర్ త్రీ టైమ్స్" తప్పు. ఒక్కసారే జరిగినదానికి కూడా రాదు: నిన్న సినిమాకు వెళ్తే "ఐ వెంట్", అంతే.

4. 'తాగుతుంటాను' వాక్యాల్లోంచి యూస్డ్ టు పీకేయండి

అత్యంత ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడిదే. "తాగుతుంటాను" అన్నది మామూలు "ఐ డ్రింక్" కన్నా ఎక్కువేదో చెబుతున్నట్టు మనకు అనిపిస్తుంది, దానికి సరితూగే మాట కోసం వెతికి యూస్డ్ టు పట్టుకొస్తాం. ఆ మాట "యూజువల్లీ". లేదా ఆఫెన్, ఎవ్రీ డే.

- "ఐ యూజువల్లీ వేకప్ ఎట్ సిక్స్."
- "వియ్ ఆఫెన్ గో టు తిరుపతి."

యూజువల్లీ, యూస్డ్ టు రెండూ 'యూ'తోనే మొదలవడం ఈ గందరగోళాన్ని ఇంకాస్త పెంచుతుంది. ఇంకొందరు రెండూ కలిపి "ఐ యూజువల్లీ యూస్డ్ టు" అంటారు. ఒకటి తీసేయండి.

5. 'ఉంటే' అనే ఉచ్చు

మొదటి మెట్టులో తోక చూడమన్నాం గానీ, తెలుగులో ఆ తోక ఇంకో చోట కూడా వస్తుంది: "నువ్వు ముందే చెప్పి ఉంటే వచ్చేవాణ్ణి."

ఇది అలవాటు కాదు, జరగనిది. "ఇఫ్ యూ హాడ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హావ్ కమ్" అనాలి. ఇక్కడ యూస్డ్ టు పెడితే వాక్యానికి అర్థమే ఉండదు. వాక్యంలో "ఉంటే" గానీ, "అయితే" గానీ, "చెబితే" లాంటి షరతు గానీ కనిపిస్తే, తోకను నమ్మకండి.

6. కథ చెప్పేటప్పుడు 'వుడ్' తోడు తెచ్చుకోండి

"సెలవుల్లో అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. పొద్దున్నే చెరువుకు పరిగెత్తేవాళ్లం. మధ్యాహ్నం మామిడికాయలు కోసేవాళ్లం." తెలుగులో ఎన్ని '-వాళ్లం' వచ్చినా కమ్మగానే ఉంటుంది. ఇంగ్లిష్‌లో వరసగా నాలుగు యూస్డ్ టు వస్తే పలక మీద గీసినట్టుంటుంది. మొదటిది యూస్డ్ టు పెట్టి, మిగతావాటికి వుడ్ వాడండి: "వియ్ యూస్డ్ టు గో టు మై గ్రాండ్‌మదర్స్ హౌస్. వియ్ వుడ్ రన్ టు ద పాండ్. వియ్ వుడ్ పిక్ మ్యాంగోస్."

హెచ్చరిక: వుడ్ పనులకే, స్థితులకు కాదు. ఉండటం, ఇష్టపడటం, తెలిసి ఉండటం లాంటివాటికి యూస్డ్ టు ఒక్కటే. "ఐ వుడ్ లివ్ ఇన్ గుంటూర్" అంటే ఒకప్పుడు గుంటూరులో ఉండేవాణ్ణని రాదు.

ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌లో చిన్నతనం, సొంతూరు గురించి తరచూ అడుగుతారు కాబట్టి ఆ పరీక్షకు వెళ్లేవాళ్లు ఈ మెట్టు రెండుసార్లు చేయండి.

7. కాదు అనడం, ప్రశ్న అడగడం

డిడ్ రాగానే యూస్డ్ చివరి 'డి' అక్షరం రాతలో పోతుంది: "ఐ డిడ్ నాట్ యూస్ టు ఈట్ మీట్", "డిడ్ యూ యూస్ టు ప్లే క్రికెట్?". వెంట్ కాస్తా "డిడ్ గో" అయినట్టే. 'డి' ఉంచి రాసినవి కూడా కనిపిస్తుంటాయి, పరీక్షల్లో మాత్రం తీసేసి రాయండి. మామూలు వాక్యంలో 'డి' తప్పనిసరి. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ తప్పు రాతలోనే దొరుకుతుంది.

ఈ గొడవ వద్దనుకుంటే దారి ఉంది: "ఐ నెవర్ యూస్డ్ టు ఈట్ మీట్." 'డి' గురించి ఆలోచించే పని లేదు, మాటల్లో చక్కగా ఉంటుంది.

8. 'అలవాటు' వాక్యాలు: ఇక్కడ నిదానం

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడండి. "అలవాటు" అనే తెలుగు మాటకు రెండు అర్థాలున్నాయి, ఇంగ్లిష్‌లో అవి వేర్వేరు దారులు.

ఒకటి, క్రమం తప్పకుండా చేయడం. "నాకు పొద్దున్నే నడవడం అలవాటు." ఇది "ఐ గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ మార్నింగ్". "వాడికి మందు అలవాటుంది" అంటే "హీ డ్రింక్స్".

రెండు, కొత్తగానో కష్టంగానో అనిపించకపోవడం. "రాత్రిళ్లు పనిచేయడం నాకు అలవాటే." దీనికే "ఐ యామ్ యూస్డ్ టు".

ఎలా విడదీయాలి? "అలవాటు" తీసేసి "కొత్తేమీ కాదు" పెట్టి చదవండి. "రాత్రిళ్లు పనిచేయడం నాకు కొత్తేమీ కాదు": కుదిరింది, యూస్డ్ టు పెట్టండి. "వాడికి మందు కొత్తేమీ కాదు" అంటే మీరు చెప్పదలచుకున్నదానికన్నా వ్యంగ్యంగా వినిపిస్తుంది, పెట్టకండి.

ఇక తర్వాతి మాట. ఇందులో టు తర్వాత నామవాచకం గానీ, ఇంగ్ చేర్చిన క్రియ గానీ రావాలి.

- తప్పు: "ఐ యామ్ యూస్డ్ టు వర్క్ నైట్ షిఫ్ట్స్."
- ఒప్పు: "ఐ యామ్ యూస్డ్ టు వర్కింగ్ నైట్ షిఫ్ట్స్."
- ఒప్పు: "ఐ యామ్ యూస్డ్ టు నైట్ షిఫ్ట్స్."

ఇక్కడా తెలుగే గుర్తు. అలవాటుకు ముందు మనం "పనిచేయడం", "తినడం", "నడపడం" అంటాం. ఆ '-డం' ఉన్నచోట ఇంగ్లిష్‌లో ఇంగ్.

తెలుగులో "నాకు" అలవాటు, ఇంగ్లిష్‌లో "ఐ". మనిషి ముందుకు రావాలి. దీన్ని తిరగేసి "ఇట్ ఈజ్ యూస్డ్ టు మీ" అంటే ఆ వస్తువే మీకు మచ్చికైనట్టు. పక్కింటి కుక్క గురించైతే "ద డాగ్ ఈజ్ యూస్డ్ టు మీ" సరిగ్గా సరిపోతుంది. స్పైసీ ఫుడ్ గురించి మాత్రం అనకండి.

మర్యాదగా తప్పించుకోవడానికి కూడా ఇది మంచి మాట. "ఇంత కారం అలవాటు లేదండి": "ఐ యామ్ నాట్ యూస్డ్ టు దిస్ మచ్ స్పైస్."

కొందరు "ఐ యామ్ హ్యాబిచువేటెడ్ టు కాఫీ" అంటారు. మన దేశంలో నడుస్తుంది, బయట వైద్యుడి రిపోర్టులా వినపడుతుంది. దాని జోలికి వెళ్లకపోవడం మేలు. మరీ లాంఛనంగా రాయాల్సి వస్తే "అకస్టమ్డ్ టు" ఉంది.

ఇంకా అలవాటు పూర్తి కాకపోతే, అవుతూ ఉంటే, యామ్ బదులు గెట్ వస్తుంది. అమెరికా వెళ్లిన మొదటి నెలల్లో మనవాళ్లకు ఎక్కువగా పనికొచ్చే రూపం ఇది. ఇక్కడ రోడ్డుకు ఎడమవైపు నడిపినవాళ్లు అక్కడ కుడివైపు నడపాలి: "ఐ యామ్ స్టిల్ గెటింగ్ యూస్డ్ టు డ్రైవింగ్ ఆన్ ద రైట్." అయిపోయాక "ఐ గాట్ యూస్డ్ టు ఇట్". నెల పట్టిందంటే "ఇట్ టుక్ మీ ఎ మంత్ టు గెట్ యూస్డ్ టు ఇట్". ఇందులో టు రెండుసార్లు రావాలి, రెండోది మింగేయకండి. "అలవాటైపోతుందిలే" అని ధైర్యం చెప్పడానికి "యూ విల్ గెట్ యూస్డ్ టు ఇట్".

"ఐ యామ్ యూస్డ్ టు ఇట్ స్లోలీ" మాత్రం కుదరదు. మెల్లగా అంటున్నారంటేనే ఇంకా కాలేదని. గెటింగ్ పెట్టండి.

9. నోటితో పలికి రికార్డు చేయండి

అలవాటు, ఒకప్పుడు అనే అర్థాల్లో 'స్' పలకాలి. మధ్యలో 'డ్' దాదాపు వినపడదు. "యూస్టు" అని ఒకే మాటలా, 'లిస్టు'లో చివరి భాగం పలికినట్టు. వస్తువును వాడటం అనే అర్థంలో 'జ్' పలకాలి, 'డ్' వినపడాలి: "ఎ స్పానర్ ఈజ్ యూజ్డ్ టు టైటెన్ నట్స్."

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే, "ఐ యామ్ యూజ్డ్ టు డ్రైవ్ ట్రక్స్" అన్నప్పుడు "ట్రక్కులు నడపడానికి నన్ను వాడతారు" అని వస్తుంది. పనిముట్టు జాబితాలో మనం చేరిపోతాం.

పది వాక్యాలూ రికార్డు చేసి వినండి. ఒకప్పటి వాక్యంలో 'జ్' వినపడితే మళ్లీ చెప్పండి.

సరిచూసుకోవడం

ప్రతి వాక్యానికీ ఈ మూడు పరీక్షలు పెట్టండి.

- చివర "బట్ నాట్ ఎనీమోర్" తగిలించండి. అర్థం చెడకపోతే ఒకప్పటి యూస్డ్ టు సరైనది. "ఐ యూస్డ్ టు స్మోక్, బట్ నాట్ ఎనీమోర్": సరే. మీరు రోజూ ఆరింటికి లేస్తూ ఇది తగిలిస్తే అబద్ధమవుతుంది, అంటే వాక్యం తప్పు.
- టు తర్వాత ఉన్నదంతా తీసేసి "ఇట్" పెట్టండి. "ఐ యామ్ యూస్డ్ టు ఇట్" నిలబడుతుంది. "ఐ యూస్డ్ టు ఇట్" నిలబడదు. నిలబడితే తర్వాత ఇంగ్, నిలబడకపోతే మూలరూపం.
- 'యామ్, ఈజ్, ఆర్, వజ్, గెట్' ఏదైనా ముందు ఉందా? ఉండి, టు తర్వాత మూలరూపం ఉంటే, ఆ వాక్యం పనిముట్టు గురించైనా అయి ఉండాలి, తప్పైనా అయి ఉండాలి.

ఇప్పుడు ఈ ఆరు మార్చి చూడండి. జవాబులు కిందే ఉన్నాయి, చేత్తో కప్పుకోండి.

అ) మా నాన్న రోజూ సైకిల్ మీద ఆఫీసుకు వెళ్లేవారు.
ఆ) నేను సాధారణంగా బస్సులో వెళ్తుంటాను.
ఇ) ఈ ఎండ నాకు అలవాటే.
ఈ) ఆ కంపెనీలో రెండేళ్లు పనిచేశాను.
ఉ) డబ్బుంటే కొనేదాన్ని.
ఊ) ఒంటరిగా ఉండటం మెల్లగా అలవాటవుతోంది.

అ) మై ఫాదర్ యూస్డ్ టు గో టు ఆఫీస్ బై సైకిల్ ఎవ్రీ డే. "ఎవ్రీ డే" మొత్తం లెక్క కాదు కాబట్టి ఉండొచ్చు.
ఆ) ఐ యూజువల్లీ గో బై బస్.
ఇ) ఐ యామ్ యూస్డ్ టు దిస్ హీట్.
ఈ) ఐ వర్క్డ్ ఇన్ దట్ కంపెనీ ఫర్ టూ ఇయర్స్. యూస్డ్ టు పెట్టి ఉంటే మూడో మెట్టుకు వెళ్లండి.
ఉ) ఇఫ్ ఐ హాడ్ హాడ్ మనీ, ఐ వుడ్ హావ్ బాట్ ఇట్. హాడ్ రెండుసార్లు రావడం పొరపాటు కాదు.
ఊ) ఐ యామ్ గెటింగ్ యూస్డ్ టు లివింగ్ ఎలోన్. ఇక్కడ "లివ్ ఎలోన్" అని రాసి ఉంటే, తెలుగు వాక్యంలో "ఉండటం" కింద గీత గీసి మళ్లీ రాయండి.